ఠాణా వంటింట్లో మూడు గొట్టాలు

ఏప్రిల్ 1, మంగళవారం

పేయ్ ఒక డ్యూటీ పుస్తకం ఇచ్చింది. పాతది, ఎవరూ వాడనిది. "తాతా, నువ్వు ఎటూ మాట్లాడవు. రాసుకో" అంది.

రాస్తాను. వీళ్ళ గురించే రాస్తాను. నోటితో అనలేనివి.

ఖేపో ఠాణాలో పోలీసులు నలుగురు. పదకొండేళ్ళుగా వీళ్ళకు వండుతున్నాను, గదులు ఊడుస్తున్నాను, మరుగుదొడ్లు కడుగుతున్నాను. రేవులో ఆల్చిప్పల వాళ్ళు వీళ్ళను చూసి లేచి నిలబడతారు. వంటింట్లో నుంచి చూస్తే తెలుస్తుంది వీళ్ళ సంగతి.

ఠాణా అధికారి కాంగ్‌కు యాభై నాలుగు. మెట్లెక్కితే కెటిల్‌లాగా ఈల వేస్తాడు. ముందుగదిలో ఎర్రముఖం గ్వాన్ దేవుడి విగ్రహం ఉంది, దాని కింద కూర్చుని టీ తాగుతాడు. దేవుడి ముఖం రంగుతో ఎరుపు, వీడి ముఖం రక్తపోటుతో. తూకు యాభై ఒకటి. బెల్టు ఎక్కడ పెట్టుకున్నాడో వాడికే కనపడదు. యెన్‌కు యాభై. వాడు నిద్రపోడు. నిద్ర కూడా చేతకాని మనిషి చేతికి ప్రభుత్వం తుపాకీ ఇచ్చింది. పేయ్ చిన్నపిల్ల, ఇరవై ఎనిమిది. అన్నం మానేసి కాఫీ తాగి, కడుపు మంట అంటుంది.

నాకు డెబ్బై ఒకటి. బడి ఆరేళ్ళు. డాక్టరు ముఖం చూడలేదు. ఐదింటికి లేస్తాను, ఐదుంపావుకు దొడ్డికి వెళ్తాను. గడియారం నన్ను చూసి దిద్దుకోవాలి. ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఏటా ఉత్తరం పంపుతారు, ముసలివాళ్ళంతా వచ్చి పరీక్ష చేయించుకోమని. దాన్ని పరచి దాని మీద చేప పొలుసు తీస్తాను.

నాది ఉద్యోగం కాదు. కాంగ్ ఉంచుకుంటే ఉన్నట్టు. ముసలాడు చేయలేకపోతున్నాడని వాడికి తోచిన రోజు వంటిల్లు పోతుంది, వంటింటి వెనక నా గది పోతుంది. అందుకని నాకు ఏమీ రాదు. జలుబు కూడా రాదు.

ఏప్రిల్ 2, బుధవారం

వెనక మరుగుదొడ్లో మళ్ళీ వక్క ఉమ్మి. ఎర్రగా. తూ పని. నీళ్ళు కొట్టాను.

ఏప్రిల్ 3, గురువారం

ఐదున్నరకు వంటిల్లు తెరిచేసరికి యెన్ లోపల ఉన్నాడు. ఆల్చిప్పల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. శీతాకాలం నుంచీ ఇదే వరస. డ్యూటీ అయిపోయాక తుపాకీ బీరువాలో పెట్టి ఇంటికి పోవాలి. ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు, జబ్బుచేసిన పిల్లి పిల్లను చూసినట్టు.

తినే వస్తువుల దగ్గర ఇనుము పెట్టొద్దన్నాను. ఎదురుగా వెల్లుల్లి గుత్తి పడేశాను. తుపాకీ పక్కన పెట్టి ఒలవడం మొదలెట్టాడు. ఒక్కొక్క రెబ్బా ఒలిచి, గోటితో మొదలు గిల్లి, వరసగా పేర్చాడు. ఇంత నెమ్మదిగా ఒలిచేవాణ్ణి పుట్టాక చూడలేదు. తెల్లారింది.

ఊరిని కాపాడేది వీడట.

ఏప్రిల్ 4, శుక్రవారం

సమాధుల పండుగ. మా ఆవిడ ఆకిమ్ సమాధి మీద గడ్డి కోశాను. తొమ్మిదేళ్ళయింది తను పోయి. గుట్ట ఎక్కేటప్పుడు మూడుసార్లు కూర్చున్నాను. చెప్పులు బాగా లేవు.

ఏప్రిల్ 8, మంగళవారం

జిల్లా కార్యాలయం నుంచి లియావ్ నర్సు వచ్చింది. యాభై నిండిన ముగ్గురికీ తలా ఒక గొట్టం ఇచ్చింది. వేలెడంత ఉంది, మూతకు పుల్ల. మలాన్ని పుల్లతో గీకి, గొట్టంలో పెట్టి, చల్లటిచోట ఉంచి, శుక్రవారం ఇవ్వాలి. రక్తం పడుతుంటే యంత్రం పట్టేస్తుందట.

కాంగ్ నర్సును రేవుదాకా సాగనంపి వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు.

"నూటికి నూరు. వినపడుతోందా? జిల్లాలో ఏ ఠాణా నూటికి నూరు ఇవ్వలేదు. మనం ఇస్తాం. ఫలకం వస్తుంది. అది గోడకెక్కితే నేను పట్నానికి మారతాను, మీరు నా పీడ వదిలించుకుంటారు."

"అందుకైతే రెండు గొట్టాలిస్తా సార్" అన్నాడు తూ.

ఇంకో కాగితం కూడా ఉంది. మనసు ఎలా ఉందని ఐదు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, కంగారుగా ఉందా, చిరాకా, దిగులా, పక్కవాళ్ళకంటే తక్కువవాణ్ణని అనిపిస్తోందా. సున్నా నుంచి నాలుగు దాకా ఏదో ఒకటి చుట్టాలి.

"అందరూ సున్నా" అన్నాడు కాంగ్. "ఎవడైనా ఒకటి చుట్టాడో, ఓదార్చడానికి ముగ్గురు దిగుతారు. వాళ్ళకు టీ మనమే పోయాలి."

"మొన్నెప్పుడో దక్షిణం ఠాణా వాడొకడు మూడు చుట్టాడు సార్" అన్నాడు తూ. "ఓదార్చారు. ఓదార్చి తుపాకీ లాక్కున్నారు. ఇప్పుడు బడి ముందు ఈల ఊదుతున్నాడు. పిల్లలు వాణ్ణి పిచ్చి ఈల అంటారట."

పేయ్ నవ్వలేదు. "అయితే నిజంగా నిద్రపట్టనివాళ్ళు ఏం చేయాలన్నా?"

"డ్యూటీ చేయాలి. నిద్రపట్టనివాడే మంచి పోలీసు" అన్నాడు తూ.

యెన్ ఐదు సున్నాలు చుట్టాడు. ఉడికించిన గుడ్లలాగా గుండ్రంగా ఉన్నాయి.

నలుగురు సాయుధులు, ఒక కాగితానికి భయపడ్డారు.

ఏప్రిల్ 9, బుధవారం

మధ్యాహ్నం తూ వంటింట్లోకి వచ్చి తలుపు వేశాడు.

"టింగ్ పెదనాన్నా, నీతో ఒక మగవాళ్ళ పని."

ముల్లంగి తరుగుతూనే ఉన్నాను.

"నాకు నాలుగు రోజులైంది. రావట్లేదు. ఒక రోజు పగలు డ్యూటీ, ఒక రోజు రాత్రి డ్యూటీ, కడుపుకేం తెలుస్తుంది ఎప్పుడు తిందో ఎప్పుడు వదలాలో? శుక్రవారం లోపల ఎక్కణ్ణుంచి తేను? నీదైతే రైలు. టైముకు వస్తుంది." గొట్టం నా ఆప్రాన్ జేబులో పెట్టాడు. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా కాంగ్‌కు."

వక్క ఉమ్మడం మానేస్తే ఇస్తానన్నాను.

"వక్కా? మానేసి ఏడాదైందయ్యా! మా ఆవిడ మీద ఒట్టు."

వాడి ఒట్లు ఊరంతా తెలుసు.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ కాంగ్. వీడు బతిమాలడు, ఆజ్ఞ ఇస్తాడు.

"పెదనాన్నా, ఈ గొట్టం సంగతి చూడు. నాకు మొలలు. అప్పుడప్పుడు కొంచెం పడుతుంది. ఆ యంత్రానికి మొలలని తెలియదు కదా. ఫలకం వచ్చే ముందు నా పేరు మీద ఎర్రగీత పడితే? నీ ఒళ్ళు ఇనుము. నీదిస్తే శుభ్రంగా వస్తుంది. తూ గాడికి తెలియనివ్వకు, ఊరంతా ఊదుతాడు."

ఇనుము అన్నాడు. ఒక్క నిజం మాట్లాడాడు ఇన్నేళ్ళలో.

ఏప్రిల్ 11, శుక్రవారం

పొద్దున యెన్ వెల్లుల్లి ఒలిచి లేచాడు. జేబులో నుంచి గొట్టం తీసి చెక్క పీట మీద పెట్టాడు. నా ముఖం చూడలేదు.

"నువ్వూనా?" అన్నాను.

"నేను కూడానా అంటే, ఇంకెవరు?"

ఒకడి గుట్టు ఇంకొకడికి చెప్పే అలవాటు నాకు లేదు.

"సరిగ్గా గీకు పెదనాన్నా" అన్నాడు. "రెండు మూడు చోట్ల గీకు. కాగితంలో రాశారు." ఆ గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. సిగ్గులేదు.

ఐదుంపావు పని ఇవాళ ఆరింటికి చేశాను. మూడు గొట్టాలు, మూడు పుల్లలు. ముగ్గురు పోలీసులు చేయలేని పని ఒక ముసలాడు ఒక్క కూర్చోవడంలో చేశాడు. వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు లేదు. పుల్ల గీకాను, మూత పెట్టాను, నీళ్ళు కొట్టాను.

కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో టోఫు పక్కన పెట్టాను. పేయ్ నీళ్ళకోసం ఫ్రిజ్ తెరిచి పేర్లు చదివి కేక పెట్టింది.

"తాతా! ఇవి ఇక్కడెందుకు?"

"చల్లగా ఉండాలట."

"ఆ టోఫు నాకు వద్దు" అంది. మధ్యాహ్నం టోఫు ఎవరికీ చెప్పకుండా వండాను. తిన్నది.

ఏప్రిల్ 14, సోమవారం

మొలతాడులాగా లాగులకు నాడా బిగించాను. బట్ట సాగిపోయింది.

ఏప్రిల్ 24, గురువారం

ఫలితాలొచ్చాయి. ఇది బాగా రాయాలి.

భోజనం వేళ. పేయ్ ఫ్యాక్స్ తీసుకుని లోపలికి వస్తూ చదివింది. "కాంగ్ సార్, రక్తం ఉంది. తూ అన్న, రక్తం ఉంది. యెన్ అన్న, రక్తం ఉంది. ముగ్గురూ పెద్దాసుపత్రిలో పేగులోకి గొట్టం వేసి చూపించుకోవాలట."

కాంగ్ చాప్‌స్టిక్స్ గాల్లోనే ఆగాయి. తూ నోటిలోది మింగలేదు. కాంగ్ తూ వైపు చూశాడు, తూ యెన్ వైపు చూశాడు. ఎవడి గొట్టం సంగతి వాడికి తెలుసు. పక్కవాడి సంగతి ఎంతసేపటికి అర్థమయిందో నేను చూస్తూనే ఉన్నాను. మందబుద్ధులకు కూడా చివరికి అర్థమవుతుంది.

అప్పుడు ఇద్దరూ మెల్లగా తలలు వంటింటి వైపు తిప్పారు. యెన్ మాత్రం తిప్పలేదు. కంచంలోకి చూస్తున్నాడు.

నేను పులుసు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాను.

"తూ..." అన్నాడు కాంగ్.

"సార్..." అన్నాడు తూ.

"నువ్వు కూడానా?"

"మీరు కూడానా సార్?"

పేయ్ అందరి ముఖాలూ చూసింది. "ఏమైంది? ఏమైందన్నా?"

పులుసు చల్లారింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

కాంగ్ నన్ను ముందుగదిలోకి పిలిచి, నేరస్థుణ్ణి కూర్చోబెట్టే కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ రోజు ఏం తిన్నావు?"

"గంజి. ముల్లంగి ఊరగాయ. ఎర్ర తోటకూర."

"ఎర్ర తోటకూర!" తొడ మీద చరిచాడు. "చెప్పానా తూ? తోటకూర! దానికి ఎర్రగానే వస్తుంది. యంత్రం గుడ్డిది."

"అవును సార్. మా అత్త కూడా తోటకూర తిని ఒకసారి ఏడ్చింది, చచ్చిపోతున్నాననుకుని."

పేయ్ తలుపు దగ్గర ఉంది. "యంత్రం రంగు చూడదు సార్. మనిషి రక్తాన్నే పడుతుంది. కాగితం వెనకాల రాశారు."

"నీకెవరు చెప్పమన్నారు? రేవులో బండ్లు అడ్డంగా ఉన్నాయి, పో."

యంత్రం తప్పు అని జిల్లాకు ఫోన్ చేశాడు. మళ్ళీ మూడు గొట్టాలు తెప్పిస్తున్నాడు. ఈసారి ఎవడిది వాడే ఇస్తాడట. భయం పట్టుకుంటే తూ కడుపు కూడా కదులుతుంది.

ఎర్ర తోటకూరే. అంతే. ఆ పిల్లకేం తెలుసు.

మే 6, మంగళవారం

రెండోసారి ముగ్గురివీ శుభ్రంగా వచ్చాయి. కాంగ్‌ను మొలలు కూడా ఆ పూట కరుణించాయి. యెన్ గొట్టం ముట్టుకోకపోతే, నూటికి నూరు పోతుందని కాంగ్ దాన్ని తూ చేత నింపించాడట. తూయే నాకు గొప్పగా చెప్పాడు. "ఇప్పుడు నాది కూడా రైలే పెదనాన్నా!"

నువ్వులనూనె కోడి వండమన్నారు. వండాను. తిని తాగి, గ్వాన్ దేవుడికి దండం పెట్టి, ఒకళ్ళ వీపులు ఒకళ్ళు చరుచుకున్నారు.

పేయ్ గిన్నె ముట్టుకోలేదు. "యంత్రం తప్పయితే రెండోసారి ఎలా సరిగ్గా చూసింది? ఆ రక్తం ఎవరిది?" అంది.

"నువ్వు డిటెక్టివ్ పరీక్ష రాయి" అన్నాడు తూ. నవ్వారు.

పదకొండేళ్ళు వీళ్ళ ఎంగిలి కంచాలు కడిగాను. ఒక్కడు కూడా ఇటు తిరిగి చూడలేదు. నాకేమీ లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే మాత్రం చూసేవాళ్ళా?

మే 7, బుధవారం

పొద్దున యెన్ వెల్లుల్లి ఒలుస్తూ అన్నాడు. "నా గొట్టం నీకెందుకిచ్చాననుకున్నావు పెదనాన్నా?"

"చేతకాక."

"నాది బాగానే వస్తుంది."

కత్తి ఆపాను.

"నీ తరవాత ఆ దొడ్లోకి వెళ్ళేది నేను. నువ్వు వంటిల్లు తెరిచేలోపల. నువ్వు నీళ్ళు కొడతావు కానీ సరిగ్గా పోవు, నీ కళ్ళు ఆనవు. శీతాకాలం నుంచి చూస్తున్నాను. తూ వక్క మానేసి ఏడాదైంది. అది వక్క కాదు."

"నా వెనక చూడమని నీకెవడు చెప్పాడు?"

"రెండుసార్లు చెప్పబోయాను. ఆరోగ్య కేంద్రం ఉత్తరం మీద చేప పొలుసు తీస్తున్నావు. నువ్వు వెళ్ళవని తెలుసు. నా పేరు మీదైనా పట్టుబడితే, కాగితం చూపించి లాక్కెళదామనుకున్నాను. ఆ ఇద్దరు సన్నాసులు కూడా ఇస్తారని నాకేం తెలుసు?"

దొంగ. దొంగచాటుగా ముసలాడి దొడ్డి చూసేవాడు.

"ఇంత తెలివైనవాడివి, నిద్రపోవడం రాదేం?" అన్నాను. అంత పెద్ద మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

ఇంకో రెబ్బ గిల్లాడు.

"ఏడు నెలలైంది పెదనాన్నా సరిగ్గా పడుకుని. డ్యూటీ దిగాక ఇంటికెళితే మా ఆవిడ ముఖం చూడలేను. ఈ బుట్ట మీద ఎందుకు కూర్చునేవాణ్ణో తెలుసా? తుపాకీతో?"

"తెలియదు."

"తెలియకపోవడమే మంచిదైంది. ఏమైంది బాబూ అని నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే ఆ రోజే అయిపోయేది. నువ్వేమో వెల్లుల్లి పడేసేవాడివి. ఒలిచేదాకా ఉండాల్సొచ్చేది. ఒలిచేసరికి తెల్లారేది."

వంటకు వెల్లుల్లి కావాలి కాబట్టి ఇచ్చాను.

లేచేటప్పుడు బేరం పెట్టాడు. "నువ్వు పొట్ట చూపించుకో. నేను తల చూపించుకుంటా."

"ముందు నువ్వు."

"కాదు, ముందు నువ్వు."

పందుల సంతలో కూడా ఇంతకంటే గౌరవంగా బేరమాడతారు.

మే 8, గురువారం

చూపించుకోను. చూపిస్తే కాంగ్‌కు తెలుస్తుంది. తెలిస్తే వంటిల్లు పోతుంది.

మే 11, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.

మే 15, గురువారం

అన్నం గుండిగ దింపుతూ పడ్డాను. నేల తడిగా ఉంది. నేనే తుడిచాను, అయినా తడిగా ఉంది. గుండిగ సగం ఒలికింది. తూ పరిగెత్తుకొచ్చి ముందు గుండిగ లేపాడు. తరవాత నన్ను.

"తేలిగ్గా ఉన్నావేంటి పెదనాన్నా, ఎండుచేపలాగా?"

కాంగ్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఏదో లెక్కవేసుకుంటున్న ముఖం. పడలేదు, జారాను అని చెప్పాను.

మే 18, ఆదివారం

వెల్లుల్లి గుత్తులు అయిపోయాయి. కొత్తవి బజారులో లేవు. పొద్దున యెన్ వచ్చి కూర్చుంటే ఇవ్వడానికి ఏమీ కనపడలేదు. పచ్చిబఠాణీలు పెట్టాను. ముట్టుకోలేదు.

"ఆలోచించావా?" అన్నాడు.

"వండుకోవాలి" అన్నాను.

తుపాకీ ఒళ్ళోనే ఉంది.

మే 19, సోమవారం

యెన్ రాలేదు. బుట్ట ఖాళీగా ఉంది.

ఏడింటికి వచ్చాడు, డ్యూటీకి. గడ్డం గీసుకున్నాడు, బూట్లు మెరుస్తున్నాయి, అందరికీ నమస్కారం పెట్టాడు. తూకు ఎప్పటివో రెండు చేతి తొడుగులు తిరిగి ఇచ్చేశాడు. పేయ్‌కు తన గొడుగు ఇచ్చాడు, నాకు అక్కర్లేదు అని. ఇన్నేళ్ళలో వాడు ఇంత మర్యాదగా ఉండటం చూడలేదు.

నాకు నచ్చలేదు. రాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడి, ఎందుకు నచ్చలేదా అని ఆలోచించాను.

మే 20, మంగళవారం

ఇవాళే రాయాలి.

పదింటికి ఫలకం వచ్చింది. జిల్లా నుంచి పెద్ద అధికారి, లియావ్ నర్సు, ఫొటో తీసేవాడు. ఆరోగ్య ఠాణా అని ఇత్తడి అక్షరాలు. కాంగ్ మేకు ముందే కొట్టించి పెట్టాడు. పెద్ద అధికారి కుర్చీలో కూర్చుని "ఎంత ప్రశాంతంగా ఉందయ్యా మీ ఠాణా" అన్నాడు. నలుగురూ ఉలిక్కిపడ్డారు. ఠాణాలో ఆ మాట అనకూడదు, అంటే ఫోన్ మోగుతుంది. తూ కీడు తగలకుండా దొంగతనంగా బల్ల చెక్క తాకాడు.

నేను టీ ఇచ్చి వెనక్కి వెళ్ళిపోతున్నాను.

"వంట ఈయనదేనా?" అన్నాడు పెద్ద అధికారి. "ముగ్గురు యాభై దాటినవాళ్ళు, ఒక్కడికీ రోగం లేదు. ఇదంతా చేతివంట మహిమ. పెద్దాయనా, రండి, ఫొటోలో ఉండాలి."

నేను రానన్నాను. తూ చేయి పట్టుకుని లాక్కొచ్చి, యెన్ పక్కన నిలబెట్టాడు. ఫలకం ఒక కొస కాంగ్ పట్టుకున్నాడు, ఒక కొస యెన్. యెన్ నవ్వుతున్నాడు. వాడి మోచేయి నా మోచేతికి తగిలింది. చల్లగా ఉంది. మే నెల, మాకందరికీ చెమటలు, వాడి చేయి ఐసులో పెట్టిన చేపలాగా ఉంది.

"రెండు మాటలు చెప్పండి పెద్దాయనా. మీ రహస్యం ఏమిటి?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా పెళ్ళిలో కూడా నన్ను ఇంతమంది చూడలేదు. చెవులు కాలిపోయాయి.

"మూడూ నావే" అన్నాను.

"ఏమిటి?"

"గొట్టాలు. మొదటివి. మూడూ నావే. నాకు రక్తం పడుతోంది."

ఫొటో తీసేవాడు బొమ్మ తీసేశాడు. ఆ బొమ్మలో కాంగ్ నోరు ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

"పెదనాన్నకు వయసైంది సార్" అన్నాడు కాంగ్. "ఏదో మాట్లాడుతుంటారు."

"నాకు మతి ఉంది" అన్నాను. "నీకు మొలలున్నాయి. తూకు నాలుగు రోజులు రాలేదు. రెండోసారి యెన్ గొట్టం కూడా తూదే. ఈ ఠాణాలో ఎవరి రోగం వాళ్ళ పేరు మీద లేదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకా ఏదో అనాలి, ఏమిటో మరిచిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది. యెన్ వైపు తిరిగాను.

"నన్ను ముందు అన్నావు కదరా. అయిపోయింది. ఇప్పుడు నీ వంతు."

ఎవరికీ అర్థం కాలేదు. వాడి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయిన దండలాగా. ఫలకం కొస వదిలేశాడు. ఫలకం కాంగ్ బూటు మీద పడింది.

యెన్ బెల్టు విప్పాడు. తుపాకీ ఉన్న ఒరతో సహా తీసి పెద్ద అధికారి టీ కప్పు పక్కన పెట్టాడు.

"ఇది నా దగ్గర ఉంచొద్దు సార్" అన్నాడు. "ఆ కాగితం మీద సున్నాలన్నీ అబద్ధం. అన్నీ నాలుగు. నేను ఇవాళ సాయంత్రం దాటేవాణ్ణి కాదు."

తూ "ఒరేయ్" అన్నాడు. అంత వాగుడుకాయ, అదొక్క మాటే.

లియావ్ నర్సు ఒక్కతే కదిలింది. ముందు తుపాకీ తీసి పేయ్‌కు ఇచ్చింది. తరవాత యెన్ మణికట్టు పట్టుకుంది, ఇంకో చేత్తో నాది. "ఇద్దరూ నాతో కారు ఎక్కండి" అంది. "ఇప్పుడే."

పెద్ద అధికారి లేచి ఫలకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. అదే సమయానికి ఫోన్ మోగింది. నేను చెప్పలేదా.

మే 21, బుధవారం

పట్నంలో ఆసుపత్రి. నన్ను మూడో అంతస్తులో, యెన్‌ను ఆరో అంతస్తులో పెట్టారు.

రెండు సీసాల మందు తాగించారు. రాత్రంతా దొడ్డి. తూకు ఇది ఇస్తే బాగుండేది.

మే 23, శుక్రవారం

గొట్టం వేశారు. గడ్డ ఉంది. డాక్టరు ముప్పై ఏళ్ళవాడు, కోడిగుడ్డంత అని వేళ్ళతో చూపించాడు. తీయవచ్చు అన్నాడు. ఆ తరవాతి సంగతి తీశాక చెబుతాడట.

మే 25, ఆదివారం

కాంగ్, తూ వచ్చారు, చేతిలో పళ్ళబుట్ట. కాంగ్‌కు మెమో పడింది, తూకు కూడా పడింది. పట్నం బదిలీ పోయింది. కాంగ్ నా మంచం పక్కన నిలబడి పావుగంట తిట్టాడు.

"పదకొండేళ్ళు నోరు తెరవలేదు. తెరిచిన ఒక్క రోజు నా కొంప ముంచావు. ఒక్క ముక్క నాతో ముందు చెప్పి ఉంటే?"

"చెబితే ఏం చేసేవాడివి?"

ఆలోచించాడు. ఆ మాత్రం నిజాయితీ ఉంది.

"తోటకూర అనేవాణ్ణి" అన్నాడు.

తూ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదాడు. ఇప్పుడు వంట వాడే చేస్తున్నాడట. పేయ్ కాఫీ మాత్రమే తాగుతోందట. ఎందుకు తాగదు.

వెళ్ళేటప్పుడు కాంగ్ నా గది తాళంచెవి మంచం మీద విసిరాడు. "నీ చాప అక్కడే ఉంది. నా ముఖం చూసే ధైర్యం ఉంటే తిరిగి రా." గుమ్మం దాటుతుంటే వాడి ఊపిరి ఈల వినిపించింది. వీడు కూడా చూపించుకోవాలి. నేను చెప్పను.

మే 27, మంగళవారం

యెన్ ఆరో అంతస్తు నుంచి కిందికి వచ్చాడు. నాడా లేని లాగు వేశారు వాడికి, చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ముఖం ఉబ్బింది. మాత్రలు వేస్తే రోజుకు పదకొండు గంటలు పడుకుంటున్నాడట. పోలీసువాడు పట్టపగలు పదకొండు గంటలు నిద్ర. అదీ చూశాను.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "భోజనం ఎలా ఉంది?" అన్నాడు.

"ఉప్పు లేదు" అన్నాను.

"పైన కూడా లేదు" అన్నాడు. కూర్చుని కూర్చుని నిద్రపోయాడు. గురక. నర్సు వచ్చి నన్ను తిట్టింది, వాణ్ణి లేపనందుకు.

మే 28, బుధవారం

రేపు పొద్దున ఎనిమిదింటికి కోస్తారు.

ఆ కుర్ర డాక్టరు ఇవాళ మళ్ళీ వచ్చి అడిగాడు. ఎప్పటి నుంచి తాతగారూ? ఎప్పుడు గమనించారు? గమనించలేదని చెప్పాను. వాడు అదే రాసుకున్నాడు.

అబద్ధం. పోయిన వానాకాలం నుంచి తెలుసు. మొదటిసారి చూసినప్పుడు అరగంట అక్కడే కూర్చున్నాను. ఆ తరవాత చూడటం మానేశాను. తూ మీద వేశాను, చెప్పుల మీద, తోటకూర మీద, నేల తడి మీద వేశాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. అందులో కూడా అబద్ధమే రాశాను. సున్నాలు చుట్టినవాళ్ళను తిట్టడానికి ఇన్ని పేజీలు వాడాను.

డాక్టరు మళ్ళీ వస్తే చెబుతాను. రాకపోతే రేపు మత్తు ఇచ్చే ముందు చెబుతాను.

భయంగా ఉంది.